చారన్నం తప్పు

(ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలుగువాళ్లు కలుసుకున్న ఒక సాయంకాలం సభలో, పెంపుడు జంతువుల ఆరోగ్యం మీద కరపత్రాలు వేసే రిటైర్డ్ లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం కిందికి దించు బాబూ. ఆఁ, చాలు.

నన్ను పిలిచినవాళ్లు "కుక్కల గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. కుక్కల గురించి కాదు, కుక్కల గురించి మేం రాసిన తప్పుల గురించి చెబుతానన్నాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, సరే అదే చెప్పండి అన్నారు. (నవ్వులు)

ముందుగా ఒక మాట. నేను డాక్టర్ని కాను. ఈ ఊళ్లో సగం మంది నన్ను డాక్టరు బాబు అంటారు. కాదంటే మొహమాటపడుతున్నాననుకుంటారు. నేను లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఆవులకు సూదులు, మేకలకు టీకాలు, కోళ్లకు కంట్లో చుక్కలు, ఉద్యోగమంతా అదే. డాక్టరు అన్న మాట దగ్గరికి మళ్లీ వస్తాను, దానివల్ల ఒక ప్రాణం పోయింది.

రిటైరయ్యాక ముగ్గురం కలిశాం. నేనూ, బళ్లో తెలుగు చెప్పి రిటైరైన నా స్నేహితుడూ, ఈమధ్యే ప్రాక్టీసు పెట్టిన ఒక పశువైద్యురాలూ. ఇంట్లో కుక్కనో పిల్లినో పెంచుకునేవాళ్ల కోసం నాలుగు పేజీల కాగితం వేస్తాం. నేను రాస్తాను, మాస్టారు భాష చూస్తారు, డాక్టరమ్మ విషయం చూస్తుంది. మందుల షాపుల్లో, క్షౌరశాలల్లో, టీ బడ్డీల దగ్గర పెడతాం. పాతపట్నం వెళ్లేవాళ్ల చేతికి ఓ కట్ట ఇస్తాం. కింద నా ఫోన్ నంబరు ఉంటుంది. దాంతోనే కథంతా మొదలైంది.

రెండో కాగితం తిండి గురించి. ఉల్లి, వెల్లుల్లి పెట్టొద్దు, ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి అని రాశాం. చాక్లెట్ వద్దు. ద్రాక్షపళ్లు, కిస్‌మిస్ వద్దు, కుక్కకు కిడ్నీలు పోతాయి. అంతవరకూ డాక్టరమ్మ చూసి టిక్కు పెట్టింది. ఆ తర్వాత, ప్రెస్సుకి వెళ్లే ముందు రాత్రి, నేనొక వాక్యం కలిపాను. "ఉల్లి, వెల్లుల్లి వెయ్యని చారన్నం పెట్టవచ్చు."

ఎందుకు కలిపానంటే, మన ఇళ్లల్లో కుక్కకి పెట్టేదేమిటి? మిగిలిన అన్నం, దానిమీద మిగిలిన చారు. పేజీ నిండా వద్దు, వద్దు అని రాస్తే చదివేవాడు కాగితం మడిచి పకోడీలకి వాడుకుంటాడు. ఏదో ఒకటి పెట్టొచ్చని చెప్పాలనిపించింది. ఆ వాక్యం డాక్టరమ్మకి చూపించలేదు. చారన్నం కదా, అడిగేదేముంది అనుకున్నాను.

నెల తిరక్కుండా ఒక కుర్రాడు ఇంటికొచ్చాడు. పశువైద్యం చదువుతున్నాడట, సెలవులకి వచ్చాడు. చెప్పులు బయట విప్పి, నిలబడే మాట్లాడాడు. "తాతగారూ, ఏమీ అనుకోకండి. ద్రాక్ష వద్దని రాశారు. నాలుగు లైన్ల కింద చింతపండు పెట్టొచ్చని రాశారు."

చింతపండని ఎక్కడ రాశానురా అన్నాను. "చారంటే మరేటండి?" అన్నాడు.

విషయం ఏమిటంటే, ద్రాక్షలో కుక్క కిడ్నీని పాడుచేసేది ఏమిటో చాలా ఏళ్లు ఎవరికీ అంతుపట్టలేదు. ఒక కుక్క పది పళ్లు తిన్నా బాగుంటుంది, ఇంకోటి నాలుగు తిని పడిపోతుంది. 2021లో అమెరికాలో జంతువుల విషాల మీద సలహాలిచ్చే కేంద్రంలోని పశువైద్యులు ఒక కేసు దగ్గర ఆగారు. పిల్లలు ఆడుకోవడానికి ఇంట్లో కలిపిన పిండిముద్దను ఒక కుక్క తినేసింది. దానికి వచ్చిన జబ్బు అచ్చం ద్రాక్ష తిన్న కుక్కకి వచ్చినట్టే ఉంది. ఆ పిండిలో క్రీమ్ ఆఫ్ టార్టార్ అనే పొడి ఉంది. అంటే టార్టారిక్ ఆమ్లం తాలూకు లవణం. ద్రాక్షలోనూ ఉన్నది ఆ ఆమ్లమే. పండుని బట్టి, పక్వాన్ని బట్టి దాని పాళ్లు మారతాయి, అందుకే ఒక కుక్కకి అలా, ఒక కుక్కకి ఇలా. మరుసటి ఏడాది చింతపండు తిని కిడ్నీలు దెబ్బతిన్న కుక్కల సంగతి కూడా వాళ్లే రాశారు. చింతపండు పులుపంతా ఆ ఆమ్లమేగా మరి.

కుర్రాడు ఇదంతా ఓపిగ్గా చెప్పాడు. నేనేమన్నానో తెలుసా? "నేను పుట్టకముందు నుంచి ఈ ఊరి కుక్కలు చారన్నమే తింటున్నాయి, ఎన్ని చచ్చాయో నువ్వే చెప్పు" అన్నాను. వాడు నవ్వి ఊరుకున్నాడు. మా ఆవిడ లోపల్నుంచి వినేసింది. వాడెళ్లాక, "నలభై ఏళ్లు ఊళ్లు తిరిగి ఇదే మాట రైతులు మీతో అంటే మీకు మండేది కాదూ?" అంది.

మండేది. నిజమే. "మా తాత ఇలాగే చేశాడు" అన్న రైతుని ఎన్నిసార్లు విసుక్కున్నానో.

డాక్టరమ్మకి చూపించాను. రెండు రోజులు టైము అడిగింది, ఆ వైద్యులు రాసింది తెప్పించుకుని చదివింది. తర్వాత చెప్పింది: పల్చటి చారు ముద్ద ఒకటి తిన్న కుక్క చచ్చిపోతుందని ఎవరూ అనలేదు. ఎంత తింటే ప్రమాదమో లెక్క కట్టిన అంకె లేదు. కానీ పులుసుకూర, పులిహోర, గింజ తీసి ఆరబెట్టిన చింతపండు, ఇవి కుక్కకి అందకూడదు. లెక్క లేని దానికి పెట్టవచ్చు అని మనం సంతకం చెయ్యకూడదు.

ఇక తప్పు దిద్దాలి. మాస్టారు కలం తీసి చక్కగా రాశారు: "గత సంచికలో దొర్లిన ముద్రణ దోషమునకు చింతిస్తున్నాము." చూశారా? మన తెలుగులో తప్పులు ఎవరూ చెయ్యరు, వాటంతట అవే దొర్లుతాయి. (నవ్వులు) పైగా ముద్రణ దోషమట! ప్రెస్సువాడు నేను రాసింది రాసినట్టు వేశాడు, వాడి మీదకి తోస్తే ఎలా? పైగా చింతపండు గురించి చింతిస్తున్నాము అంటే చదివేవాడు పరాచికం అనుకుంటాడు. (నవ్వులు) మాస్టారూ, గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో వచ్చి బళ్లో పాఠాలు చెప్పిన ఊరు ఇది, సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు ఆయన, ఇక్కడ కూర్చుని దోషమునకు అని రాస్తే ఆయన ఆత్మ ఊరుకోదు అన్నాను. మాస్టారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఆయనే రాసిచ్చారు. నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు:

"పోయిన కాగితంలో కుక్కకి చారన్నం పెట్టవచ్చని రాశాం. అది తప్పు. చింతపండు కుక్క కిడ్నీలకు చెరుపు చెయ్యవచ్చు. చారు, పులుసు, పులిహోర పెట్టకండి. పెరుగన్నం పెట్టండి. ఇప్పటిదాకా చారన్నం తిన్న కుక్క బాగానే ఉంటే కంగారు పడకండి, ఇక మానేస్తే చాలు. చింతపండు తిన్నాక వాంతులు పట్టుకున్నా, ఉచ్చ తగ్గినా వెంటనే పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లండి."

ఇందులో "కంగారు పడకండి" అన్న వాక్యం కోసం ముగ్గురం ఒక సాయంత్రమంతా కొట్టుకున్నాం. నేను తీసేద్దామన్నాను, భయం ఉంటేనే మానేస్తారని. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. పదేళ్లుగా చారన్నం పెట్టిన ఆవిడ ఇది చదివి రాత్రంతా నిద్రపోకుండా కుక్క పక్కన కూర్చుంటుంది, ఆ టెన్షన్ మనం పెట్టిందే అవుతుంది అంది. ఆమె మాటే నిలిచింది.

అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. తప్పు కాగితాలు ఐదు వందలు వెళ్లాయి. ఎక్కడికి వెళ్లాయి? ఎవరికి తెలుసు! దిద్దుబాటుని కొత్త కాగితం చివరి పేజీలో వేసి ఊరుకుంటే, పాతది చదివినవాడు కొత్తది చదువుతాడని ఏముంది? అందుకని కొత్తదాన్ని పసుపురంగు కాగితం మీద వేశాం. దిద్దుబాటు మొదటి పేజీలో, అన్నిటికన్నా పైన. "తెల్ల కాగితం తెస్తే పసుపు కాగితం ఇస్తాం" అని మందుల షాపులో బోర్డు పెట్టాం. నూరు కూడా తిరిగి రాలేదు. నేను సైకిలేసుకుని టీ బడ్డీలన్నీ తిరిగాను. ఒక బడ్డీలో తెల్ల కాగితం గోడకి మెతుకులతో అంటించి ఉంది. గోళ్లతో గీకి తీసేసి పసుపుది అంటిస్తుంటే బడ్డీ ఆయన "ఏటి బావూ, మీదే మీరు చింపేస్తున్నారు" అన్నాడు. ఏడాది తర్వాత బంధువుల ఇంటికి భోజనానికి వెళితే, వాళ్ల బియ్యం డబ్బా మూత లోపలి వైపు తెల్ల కాగితం. తీసేస్తానంటే, పోనీ అలా ఉంచండి, డబ్బా మూత బిగుతుగా పడుతోంది అన్నారు.

ఇంకోటి. ఇక్కడ తెలుగు మాట్లాడేవాళ్లలో చాలామంది ఒడియా బళ్లల్లో చదివారు. మాట తెలుగు, చదువు ఒడియా. వాళ్ల కోసం అదే కాగితం ఒడియాలో కూడా వేస్తాం. తెలుగులో తప్పు దిద్ది, సైకిలెక్కి ఊరంతా తిరిగి, ఒడియా కాగితం సంగతి ముగ్గురమూ మర్చిపోయాం. నెల రోజులు తెలుగు కుక్కలకి చారన్నం వద్దు, ఒడియా కుక్కలకి పర్లేదు. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు గానీ, ఒక ఇంట్లో అమ్మ తెలుగుది చదివి, కూతురు ఒడియాది చదివి, దెబ్బలాడుకుని నాకు ఫోన్ చేశారు.

అప్పట్నుంచి ఒక పాత లెడ్జరు పెట్టాను. తేదీ, ఏ కాగితం, ఏ వాక్యం, ఏమన్నారు, మేం ఏం చేశాం. ఒడియాలో దిద్దామా అన్నదానికి విడిగా ఒక గడి. మొదటి గడి మాత్రం డాక్టరమ్మ గీయించింది: జంతువు ఇప్పుడెలా ఉంది. ఫోన్ రాగానే ముందు అదే అడగాలి. తప్పు ఎవరిది, ఏ పేజీలో అన్నది తర్వాత. ఆ గడి ఎందుకు గీయించిందో చెబుతాను.

ఒక మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. చేతిలో మా కాగితం, నాలుగు మడతలు పెట్టి, వక్కల సంచిలోంచి తీసింది. పిల్లి చచ్చిపోయిందండి అంది. కాగితంలో వేలు పెట్టి చూపించింది: "డాక్టరును అడగకుండా జ్వరం మాత్రలు ఇవ్వకండి."

నాకు లోపల ఊపిరి వచ్చింది, నిజం చెప్పొద్దూ. మేం రాసింది సరిగ్గానే ఉంది కదా. అదే అన్నాను కూడా. "అమ్మా, అడక్కుండా ఇవ్వొద్దనే కదా రాశాం."

"అడిగాను బాబూ" అంది. "మా వీధి డాక్టర్నే అడిగాను. చంటిపిల్లకి ఇచ్చినట్టు పావు మాత్ర ఇమ్మన్నాడు."

వాళ్ల వీధి డాక్టరంటే మనుషులకి సూదులు వేసే ఆయన. పాపం ఆయన తన లెక్క ప్రకారం చెప్పాడు. పిల్లి చంటిపిల్ల కాదు. పారాసెటమాల్‌ని విరిచి బయటికి పంపే పని మన కాలేయం చేస్తుంది, పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. మిగిలిపోయిన మందు విషంగా మారి రక్తం మీద పడుతుంది, ఆ రక్తం ఇక ప్రాణవాయువుని మొయ్యలేదు. ఆవిడ చెప్పింది: సాయంత్రానికి మొహం ఉబ్బిందట, ముందు కాళ్ల పంజాలు ఉబ్బాయట. నోరు తెరిచి చూస్తే చిగుళ్లు ఎర్రగా లేవు, మట్టిరంగులో ఉన్నాయట. "మాడిన అన్నం గిన్నె అడుగులా" అంది. ఆ రంగుని ఏ పుస్తకమూ అంత బాగా చెప్పలేదు నాకు. విరుగుడు మందు ఉంది, మనుషులకి వాడేదే, ఎన్-ఎసిటైల్ సిస్టీన్. కానీ గంటల్లో పడాలి. ఆవిడ తెల్లారేదాకా ఆగింది, పొద్దున్న డాక్టరు తలుపు తీసేదాకా.

ఆవిడ తిట్టలేదు. కాగితం మళ్లీ నాలుగు మడతలు పెట్టి నాకే ఇచ్చేసి వెళ్లిపోయింది. ఆ కాగితం లెడ్జర్లోనే ఉంది.

సాయంత్రం మాస్టారు అన్నారు, ఇది మన తప్పు కాదు, వాక్యంలో దోషం లేదు అని. లేదు. వ్యాకరణమూ సరే, వైద్యమూ సరే. కానీ నన్ను డాక్టరు బాబు అని పిలిచే ఊళ్లో, డాక్టరు అన్న మాటకి అర్థం ఏమిటో నాకు తెలియదా? ముప్పై ఏళ్లు ఆ పిలుపు విని మురిసిపోయినవాణ్ని. ఇప్పుడు ఆ వాక్యం ఇలా ఉంటుంది: "పిల్లికి పారాసెటమాల్ ఒక్క ముక్క కూడా వెయ్యకండి. మనుషుల డాక్టరు చెప్పినా వెయ్యకండి." మనుషుల డాక్టర్లు ఇద్దరు ముగ్గురు దీనికి నొచ్చుకున్నారు. వాళ్ల ఫోన్లూ లెడ్జర్లో రాశాను, జంతువు ఎలా ఉంది అన్న గడి ఖాళీగా వదిలేశాను.

మీ మాట తప్పు అని వచ్చేవాళ్లందరూ సరైనవాళ్లే అనుకోవద్దు. కుక్కకాటు కాగితం వేసినప్పుడు చూడాలి! గాయాన్ని సబ్బుతో, కుళాయి కింద పదిహేను నిమిషాలు కడగాలని రాస్తే, సున్నం సంగతి రాయలేదేమని ఒకాయన, కారం సంగతి రాయలేదేమని ఇంకొకాయన. వీళ్లకి జవాబు వద్దు అనే. అయితే ఊరికే వద్దంటే వినరు. సబ్బు రేబిస్ వైరస్ మీది కొవ్వు పొరని కరిగించేస్తుంది, కారం గాయాన్ని రేపి లోపలికి తోస్తుంది అని చెబితే వింటారు.

సూదుల దగ్గర చిక్కు వచ్చింది. మేం ఐదు అని రాశాం. ఒక పెద్దాయన, ఎనభై దాటినాయన, నన్ను దారిలో ఆపి, "పద్నాలుగు నాయనా, బొడ్డు చుట్టూ. నేను పొడిపించుకున్నాను" అన్నారు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ తయారుచేసిన టీకా అది, గొర్రె మెదడులోంచి తీసేవారు. మన దేశంలో 2004 దాకా ఉండేది. ఆయన జ్ఞాపకం సరైనదే, కాలం మారింది. సరిగ్గా ఆ వారంలోనే ఒకావిడ ఫోన్: మా అబ్బాయిని ఆస్పత్రిలో నాలుగుసార్లే రమ్మన్నారు, మీ కాగితంలో ఐదుంది, ఒకటి ఎగ్గొడుతున్నారా? అక్కడి సిస్టరుతో గొడవ కూడా పడి వచ్చింది. ఆస్పత్రివాళ్లది తప్పు కాదు. కండకి వేస్తే ఐదు సార్లు, చర్మంలో వేసే పద్ధతిలో నాలుగు సార్లు, రెండూ సరైనవే. మేం ఒకటే రాసి, అదొక్కటే ఉన్నట్టు కనిపించేలా చేశాం. పెద్దాయన మాట ప్రకారం ఏమీ మార్చలేదు, ఆవిడ మాట ప్రకారం మార్చాం. అయితే "పద్నాలుగు సూదులు పాత పద్ధతి, ఇప్పుడు లేవు" అని ఒక లైను మాత్రం వేశాం, ఆ భయంతోనే ఆస్పత్రికి వెళ్లనివాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి.

ఆ పనిలోనే ఇంకోటి బయటపడింది. సున్నా, మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఎనిమిది రోజులు అని పుస్తకంలో ఉన్నట్టే వేశాం. సున్నా రోజు ఏమిటండీ, సున్నా రోజు? ఎవరికీ అర్థం కాలేదు. ఇప్పుడు ఉదాహరణ రాస్తున్నాం: మొదటి సూది ఒకటో తారీకున పడితే, తర్వాతవి 4, 8, 15, 29. చర్మంలో వేసేదైతే 4, 8, 29. చర్మం తెగి రక్తం వస్తే గాయం చుట్టూ వేసే సీరం వేరే, అది అడగండి అని కూడా.

చిన్నాచితకా చాలా ఉన్నాయి. కుక్క ఒంటి మీద పేలు అని ఒక పేజీ రాస్తే, "మా కుక్కకి పేలు లేవండి, పిడుదులున్నాయి, అందుకని చదవలేదు" అన్నాడొకడు. మేం రాసింది పిడుదుల గురించే. నులిపురుగుల మాత్ర పది కిలోల కుక్కకి ఒకటి అని ఉండాల్సింది, సున్నా ఎగిరిపోయి కిలోకి ఒకటి అయింది. ఇది నిజంగా ముద్రణ దోషమే మాస్టారూ! (నవ్వులు) ఆరు కిలోల పిల్లకి ఆరు మాత్రలు అడిగినవాణ్ని చూసి మందుల షాపు కుర్రాడు అనుమానపడి ఆపాడు. వాడు ఆపకపోతే? ఇప్పుడు ప్రతి అంకె పక్కన అక్షరాల్లో కూడా వేస్తున్నాం, బ్యాంకు చెక్కు మీద రాసినట్టు.

చింతపండు సంగతి చెప్పిన ఆ పశువైద్యం కుర్రాడు ఇవాళ కూడా వచ్చాడు, అదిగో, ఆ చివర. సభకి ముందు తలుపు దగ్గర కాగితాలు సర్దుతూ నా చెవిలో ఒకటి చెప్పాడు. మూడో పేజీలో పార్వో, అంటే కుక్కలకి వాంతులు, రక్తవిరేచనాలు తెచ్చే వైరస్ జబ్బు, వచ్చిన కుక్క ఉన్న చోటు ఫినాయిల్‌తో కడగమని ఉందట. చూశాను, ఉంది. ఏ పాత కాగితంలోంచో తెచ్చి అతికించాం, ముగ్గురిలో ఒక్కరి కంటా పడలేదు. ఫినాయిల్‌కి పార్వో చావదు, పిల్లికైతే ఫినాయిలే విషం. బట్టల బ్లీచ్ ద్రవం ఒక వంతు, నీళ్లు ముప్పై వంతులు కలిపి, ముందు మురికి కడిగేసి, తర్వాత అది పోసి పది నిమిషాలు వదిలెయ్యాలి. వాడూ నేనూ కూర్చుని పెన్నుతో కొట్టేసి దిద్దుకుంటూ వచ్చాం, ఈలోగా నన్ను పిలిచేశారు. పై కట్టలోవి దిద్దినవి. కింది కట్ట ఇంకా అలాగే ఉంది, వెళ్లేటప్పుడు మూడో పేజీ తిప్పి చూసి తీసుకోండి. ఇప్పటికే ఎవరైనా సంచిలో పెట్టేసుకుని ఉంటే ఒక్కసారి బయటికి తియ్యండి, పెన్ను ఇస్తాను.